విద్యార్థుల పత్రికకు ముఖచిత్రం: ముందు ఒక వాక్యం, ఆ తర్వాతే బొమ్మ

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. విద్యార్థుల కోసం మూడు నెలలకొకసారి వెలువడే 48 పేజీల తెలుగు పత్రికకు మీరు ముఖచిత్రం తయారుచేయాలి. లోపల ఐదు ప్రధాన వ్యాసాలు ఉన్నందువల్ల ఐదింటి పేర్లూ, వీలైతే ఐదింటి బొమ్మలూ కవర్ మీదికి రావాలని మీ సంపాదక బృందం కోరుతోంది. చదివేవారు యువత కాబట్టి రంగులు దట్టంగానూ అక్షరాలు వింతగానూ ఉండాలని మరికొందరు అంటున్నారు. మీ దగ్గర ఫోన్ కెమెరా తప్ప మరొకటి లేదు, బొమ్మలు వేసేవారు ఎవరూ లేరు. ఇరవై ఏళ్లకు పైగా పత్రికల పేజీలు, కవర్లు చేస్తున్నాను. వాటిలో సగం దాకా విద్యార్థులు చదివే పత్రికలే. ఆ అనుభవంతో కొంత వివరంగానే సమాధానం రాస్తున్నాను.

కంప్యూటర్ తెరవడానికి ముందు సంచిక మొత్తాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవండి. ఈ మాట చాలా మామూలుగా అనిపిస్తుంది కానీ, కవర్ చేసేవారిలో ఎక్కువమంది వ్యాసాల శీర్షికలు మాత్రమే అడిగి తీసుకుని పని మొదలుపెడతారు. చదవడం పూర్తయ్యాక ఒక్క వాక్యం రాసుకోండి. ఆ వాక్యంలో ఒక విద్యార్థి ఉండాలి, అతనికి లేదా ఆమెకు ఈ వారంలో ఎదురవుతున్న ఒక సమస్యగానీ సందేహంగానీ ఉండాలి, ఈ సంచిక ఆ సందేహానికి ఏమి ఇస్తుందో ఉండాలి. 'పరీక్షల ఒత్తిడి' అనేది వాక్యం కాదు, అది ఒక అంశం పేరు మాత్రమే. 'పరీక్షకు నెల ముందు నుంచి నిద్ర తగ్గించుకుంటున్న అమ్మాయికి, చదివినది గుర్తుండటానికి నిద్ర ఎందుకు అవసరమో ఈ సంచిక చెబుతుంది' అన్నది వాక్యం. ఇటువంటి వాక్యం చేతిలో ఉంటే బొమ్మ ఏది, శీర్షిక ఏది, రంగు ఏది అనే ప్రశ్నలకు సగం సమాధానం దానంతట అదే దొరుకుతుంది. వాక్యం రాయలేకపోతున్నారంటే లోపం డిజైన్‌లో లేదని, ఏ వ్యాసాన్ని ముందుకు తేవాలో సంపాదక బృందం ఇంకా తేల్చుకోలేదని అర్థం. అప్పుడు తిరిగి వారి దగ్గరకే వెళ్లండి.

విద్యార్థుల పత్రికలు ఎక్కువగా విఫలమయ్యేది ఇక్కడే. 'విద్యార్థి' అనగానే మన మనసులోకి కొన్ని సిద్ధమైన గుర్తులు వచ్చేస్తాయి. పట్టభద్రుల టోపీ, పేర్చిన పుస్తకాలు, వెలుగుతున్న బల్బు, గాలిలోకి ఎగురుతున్న ఐదారుగురు, చెంపకు చేయి ఆనించి దిగులుగా కూర్చున్న ఒక అబ్బాయి. ఇవి విద్యార్థుల గురించి పెద్దవాళ్లు అనుకునే గుర్తులు. తన బల్ల మీద పేర్చిన పుస్తకాల పక్కన బల్బు వెలగడం ఏ విద్యార్థీ చూసి ఉండడు. కవర్ చూడగానే 'ఇది నా గురించి' అనిపించాలంటే, అతను రోజూ చూసే వస్తువు ఒకటి, అతను చూసే కోణంలోనే కనిపించాలి. పైగా విద్యార్థులందరూ ఒకటే వర్గం అనుకోవడం కూడా పొరపాటే. ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు, కాలేజీలో అడుగుపెట్టిన మొదటి నెలలో ఉన్న అమ్మాయి, చివరి సంవత్సరంలో ఉద్యోగం వెతుక్కుంటున్న యువకుడు ఒకే బొమ్మ దగ్గర ఆగరు. మీ పత్రిక ముగ్గురి చేతికీ వెళ్తుంది అనుకున్నా, ఈ సంచిక కవర్ వీరిలో ఎవరితో మాట్లాడుతోందో నిర్ణయించుకోండి. ఒకరితో స్పష్టంగా మాట్లాడితే పక్కవారు కూడా ఆగి వింటారు.

నేను చేసిన ఒక కవర్ గురించి చెబుతాను. పైన ఉదాహరణగా ఇచ్చిన నిద్ర వ్యాసం నిజంగా ఒక విద్యార్థి పత్రికలో ప్రధాన వ్యాసంగా వచ్చింది. నేను మొదట తయారుచేసిన నమూనాలో పుస్తకం మీద తల వాల్చి నిద్రపోతున్న అమ్మాయి ఫొటో ఉంది. ఫొటో బాగానే ఉంది, వెలుతురు కూడా మృదువుగా ఉంది. దాన్ని పత్రిక బృందంలోని ఒక విద్యార్థినికి చూపించి, 'నిద్ర అంటే నీకు ఏమి గుర్తొస్తుంది?' అని అడిగాను. ఆమె మాటల్లో చెప్పకుండా తన ఫోన్ తీసి అలారాల జాబితా చూపించింది. 4:30, 4:40, 4:50, 5:00, 5:05, 5:10. ఆరూ ఆన్‌లోనే ఉన్నాయి. ఆరో అలారం పక్కన 'ఇక లేవాలి' అని ఆమె రాసుకున్న చిన్న మాట ఉంది. ఆ క్షణంలో నా ఫొటో ఎందుకు పనికిరాదో నాకు అర్థమైంది. నేను చూపించింది నిద్రపోతున్న మనిషిని, ఆ వ్యాసం మాట్లాడుతున్నది నిద్ర పట్టని, నిద్ర చాలని మనిషి గురించి. చివరికి కవర్ మీద నల్లని నేపథ్యం, పై నుంచి కిందికి ఆరు సమయాలు పెద్ద అంకెలలో, ఆఖరి అంకె కింద 'ఇక లేవాలి' అనే చిన్న వాక్యం, ఆపై ప్రధాన శీర్షిక 'నిద్ర చాలుతోందా?' మాత్రమే ఉంచాము. ఫొటో లేదు, బొమ్మ లేదు. ఆ సంచిక పంచిన రోజు విద్యార్థులు దాన్ని తమ ఫోన్ పక్కన పెట్టి పోల్చి చూసుకోవడం నేను కళ్లారా చూశాను.

కాబట్టి మంచి కెమెరా లేదన్న దిగులు మీకు అవసరం లేదు. అక్షరాలతో మాత్రమే కవర్ చేయడం లోటును కప్పిపుచ్చుకునే ఉపాయం కాదు, దానికి గౌరవప్రదమైన చరిత్ర ఉంది. టైమ్ పత్రిక 1966 ఏప్రిల్ 8 సంచికలో నల్లని నేపథ్యం మీద ఎర్రని అక్షరాలతో 'దేవుడు మరణించాడా?' అనే ప్రశ్న ఒక్కటే ముద్రించింది. బొమ్మ లేకుండా అక్షరాలతోనే ఆ పత్రిక వేసిన మొదటి కవర్ అది. ఆ పత్రిక కవర్లలో ఇప్పటికీ తరచుగా ప్రస్తావనకు వచ్చేవాటిలో అది ఒకటి. అయితే ఒక షరతు ఉంది. బొమ్మ లేనప్పుడు ఆ మాటలు పాఠకుణ్ణి నిలబెట్టేంత పదునుగా ఉండాలి. 'యువతరంగం ప్రత్యేక సంచిక' వంటి మాటను ఎంత పెద్ద అక్షరాలలో వేసినా అది ఎవరినీ ఆపదు.

ఇప్పుడు ఐదు వ్యాసాల సంగతి. దుకాణాలలో అమ్ముడయ్యే పత్రికల కవర్ నిండా శీర్షికలు ఉండటానికి ఒక వ్యాపార కారణం ఉంది. అక్కడ పత్రికలు ఒకదాని మీద ఒకటి సగం కప్పుతూ వరుసగా పేర్చి ఉంటాయి, పైభాగమో ఎడమవైపు పట్టీయో మాత్రమే కనిపిస్తుంది, కొనేవాడు ఏదో ఒక శీర్షికకు ఆకర్షితుడవుతాడని ఆశ. అందుకే పత్రిక పేరు పైన ఉంటుంది, శీర్షికలు ఎడమ అంచును పట్టుకుని ఉంటాయి. మీ పత్రిక అలా అమ్ముడుపోదు. అది గ్రంథాలయం బల్ల మీద కవర్ పూర్తిగా కనిపించేలా ఉంటుంది, లేదా ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి వెళ్తుంది, లేదా అంతకంటే ముందే ఫోన్‌లో చిన్న బొమ్మగా కనిపిస్తుంది. ఈ మూడు చోట్లా ఐదు శీర్షికల వల్ల ప్రయోజనం లేదు. ఫోన్‌లోనైతే నష్టమే, ఎందుకంటే అక్కడ రెండో వరుస శీర్షికలు చీమల బారులా కనిపిస్తాయి. ఒక ప్రధాన శీర్షిక, దాని కింద వివరించే చిన్న వాక్యం, మరీ తప్పనిసరి అయితే ఇంకో రెండు చిన్న శీర్షికలు చాలు. మిగిలిన వ్యాసాల రచయితలు నొచ్చుకుంటారన్న భయం మీకు ఉంటే అది సహజమైనదే. వారి శీర్షికలకు వెనుక అట్ట మీద గౌరవంగా స్థలం ఇవ్వండి, విషయసూచికకు ఒక పూర్తి పేజీ కేటాయించండి. ఐదు బొమ్మలను ఐదు గళ్లలో అమర్చడం మాత్రం దయచేసి ఒప్పుకోకండి. అలా చేస్తే ఐదుగురు రచయితలు తృప్తిపడతారు కానీ, పాఠకుడి చూపు ఒక్క గడిలోనూ నిలవదు.

శీర్షిక మాటల ఎంపిక, అక్షరాల అమరిక తెలుగులో ఒకే పనిగా జరగాలి. ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే ఇంగ్లిష్ కవర్ల నమూనాలను చూసి తెలుగు కవర్ చేసేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు (క్యాపిటల్స్) ఇటుకల్లా ఒకే ఎత్తులో ఉంటాయి, వాటిని వరుస మీద వరుసగా దగ్గరగా పేర్చవచ్చు. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, ఏత్వం వంటివి ఉంటాయి, కింద ఒత్తులు వేలాడతాయి. రెండు వరుసల మధ్య ఖాళీ తగ్గిస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది, దూరం నుంచి చూసినవారికి అది మూడో అక్షరంలా కనిపిస్తుంది. మామూలు పాఠానికి అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లు వరుస ఎత్తు ఇస్తే సుఖంగా ఉంటుంది. పెద్ద శీర్షికలలో అంత ఖాళీ ఇస్తే వరుసలు విడిపోయినట్టు కనిపిస్తాయి కాబట్టి, లెక్క వదిలేసి కంటితో సర్దుకోవాలి.

ఒక ఉదాహరణ చూడండి. 'విద్యార్థుల ప్రశ్నలకు / శాస్త్రవేత్తల జవాబులు' అని రెండు వరుసల శీర్షిక పెట్టాలనుకుందాం. పై వరుసలో ద్యా, ర్థు, ప్ర, శ్న అని నాలుగు చోట్ల ఒత్తులు వేలాడుతున్నాయి, కింది వరుసలో స్త్ర, త్త రెండూ ఇంకా లోతుకు దిగుతాయి. స్త్ర లో రెండు ఒత్తులు ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క అక్షరం కోసమే దాని కింద అదనపు చోటు వదలాలి. అదే విషయాన్ని 'మీరు అడిగారు / వారు చెప్పారు' అని మార్చితే ఒత్తు ఒక్కటే మిగులుతుంది, వరుసలు దగ్గరకు వస్తాయి, అక్షరాలను రెట్టింపు పెద్దవిగా చేయగలుగుతాము. పైగా మాట కూడా సూటిగా ఉంది. ప్రతిసారీ ఇంత సులువుగా కుదరదు, ఒత్తుల కోసం అర్థాన్ని బలిపెట్టకూడదు. కానీ సంపాదకుడు, డిజైనర్ పక్కపక్కన కూర్చుని నాలుగైదు ప్రత్యామ్నాయాలు పలికి చూస్తే ఏదో ఒకటి అర్థానికీ అమరికకూ కలిసివస్తుంది. శీర్షికను ముందే ఖరారు చేసి డిజైనర్‌కు పంపించే పద్ధతి తెలుగు కవర్లకు పనికిరాదని నా దృఢమైన అభిప్రాయం.

ఫాంట్ల విషయంలో 'వింత అక్షరాలు' అనే సలహాను పక్కన పెట్టమని కోరుతున్నాను. రామభద్ర, సూరన్న, మండలి, ధూర్జటి, గిడుగు, మల్లన్న వంటి తెలుగు యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ముద్రణకు వాడుకోవడానికి వాటి లైసెన్స్ అనుమతిస్తుంది. రామభద్ర బరువుగా ఉంటుంది కాబట్టి పొట్టి శీర్షికలకు బాగా కుదురుతుంది. అనేక్ తెలుగులో ఒకే ఫాంట్‌లో సన్నం నుంచి లావు వరకు, ఇరుకు నుంచి వెడల్పు వరకు చాలా రకాలు ఉన్నందువల్ల, పొడవైన తెలుగు మాటను ఒకే వరుసలో ఇమడ్చాల్సి వచ్చినప్పుడు అది నన్ను చాలాసార్లు ఆదుకుంది. అక్షరాన్ని మౌస్‌తో పట్టుకుని పక్కలకు నొక్కి ఇరుకు చేయకండి, నిలువు గీతలు సన్నబడి అడ్డగీతలు లావుగా మిగిలి అక్షరం రూపం చెడుతుంది. కవర్ మొత్తానికి ఒక ఫాంట్ కుటుంబం చాలు, రెండు గరిష్ఠం. ఇంకో సంగతి, పేజీలు అమర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు టైప్ చేసినప్పుడు ఒత్తులు విడిపోయి పక్కన పడితే కంగారు పడకండి. పేరాగ్రాఫ్ అమరికలలో వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకుంటే అవి సరైన చోటికి వస్తాయి. ఫొటోషాప్‌లోనూ దక్షిణాసియా భాషల కోసం ప్రత్యేకంగా ఇటువంటి అమరిక ఉంది.

ఫొటోనే వాడాలని నిర్ణయించుకుంటే ఫోన్ కెమెరా సరిపోతుంది, కానీ లెక్క తెలిసి ఉండాలి. మీ పత్రిక ఎ4 పరిమాణంలో ఉంటుందనుకుందాం, అంటే 210×297 మిల్లీమీటర్లు. కటింగ్‌లో అంచున తెల్ల గీత రాకుండా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలిపితే 216×303 అవుతుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రించాలంటే దాదాపు 2550×3580 పిక్సెళ్లు కావాలి. ఇప్పటి ఫోన్లలో సాధారణంగా వచ్చే 3000×4000 పిక్సెళ్ల ఫొటో దీనికి చాలినంత ఉంది. కానీ అదే ఫొటోను మెసేజింగ్ యాప్ ద్వారా తెప్పించుకుంటే కుదించుకుపోయి 1200×1600 అయి రావచ్చు. దాన్ని కవర్ నిండా పరిస్తే అంగుళానికి 134 చుక్కలే వస్తాయి, ఫోన్ తెర మీద మెరిసిన ముఖం కాగితం మీద మసకబారుతుంది. ఫొటో తీసినవారి దగ్గర అసలు ఫైలును డాక్యుమెంట్‌గా పంపమని అడగండి. తీసేటప్పుడు కిటికీ పక్కన, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. శీర్షిక ఎక్కడ వస్తుందో ముందే అనుకుని ఆ వైపు ఖాళీ గోడో ఆకాశమో ఉండేలా నిలబడండి. జూమ్ చేయడం కంటే నాలుగు అడుగులు ముందుకు నడవడం మేలు.

విద్యార్థి ముఖాన్ని కవర్ మీద వేస్తున్నప్పుడు ఆ వ్యక్తి రాతపూర్వక అనుమతి తీసుకోండి, పద్దెనిమిదేళ్లు నిండనివారైతే తల్లిదండ్రుల అనుమతి కూడా కావాలి. ముఖ్యంగా మానసిక ఒత్తిడి, ఫెయిల్ కావడం, డబ్బు ఇబ్బంది వంటి విషయాల మీద కవర్ చేస్తుంటే, ఆ ముఖానికీ ఆ శీర్షికకూ ఒకసారి ముడిపడితే అది ఏళ్ల తరబడి విడిపోదు. ఏ శీర్షిక పక్కన తన ఫొటో రాబోతోందో ఆ విద్యార్థికి చూపించి అడగాలి. ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మను అనుమతి లేకుండా తీసుకోవడం ఎంత తప్పో వేరే చెప్పనక్కర లేదు.

రంగుల గురించి మీ మిత్రుల సలహాలో కొంత నిజం ఉంది, దట్టమైన రంగు దూరం నుంచి కనిపిస్తుంది. అయితే కనిపించేది రంగుల సంఖ్య వల్ల కాదు, పక్కపక్క రంగుల మధ్య వెలుగు చీకట్ల తేడా వల్ల. తెర మీద అక్షరాలు చదవడానికి వీలుగా ఉండాలంటే మామూలు పాఠానికి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 తేడా ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. స్వచ్ఛమైన పసుపు అక్షరాలను తెలుపు మీద వేస్తే ఆ తేడా 1.07:1 మాత్రమే, అంటే దాదాపు లేనట్టే. అవే పసుపు అక్షరాలను నలుపు మీద వేస్తే 19:1 దాటుతుంది. రంగు మారలేదు, పక్కనున్నది మారింది. నా పద్ధతి ఏమిటంటే, కవర్‌ను మొదట నలుపు తెలుపులలోనే పూర్తి చేస్తాను. అందులో శీర్షిక స్పష్టంగా నిలబడితే ఆపై ఒక్క బలమైన రంగు చేరుస్తాను. ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా గుర్తించలేని పాఠకులకు కూడా ఇలా చేసిన కవర్ ఇబ్బంది పెట్టదు. ఫోన్ తెర మీద నిప్పులా మెరిసే ఆకుపచ్చ, ముదురు నీలం, ఊదా రంగులు నాలుగు సిరాల ముద్రణలో అదే మెరుపుతో రావు, తెర వెలుగును విడుదల చేస్తుంది, కాగితం దాని మీద పడిన వెలుగును తిరిగి పంపుతుంది. అందువల్ల రంగులు ఎంచుకునే ముందే ఫైలును సీఎంవైకేలోకి, అంటే ఆ నాలుగు సిరాల పద్ధతిలోకి మార్చి, రాబోయే రంగును చూసుకోండి.

ప్రెస్సుకు సంబంధించి నాకు జరిగిన ఒక నష్టం చెప్పాలి, ఎందుకంటే తెలుగు కవర్లలో అది మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఒక సంచికకు నల్లని నేపథ్యాన్ని నాలుగు సిరాలూ కలిపి చిక్కని నలుపుగా తయారుచేసి, దాని మీద 9 పాయింట్ల సన్నని తెల్ల అక్షరాలతో నాలుగు వరుసల వివరణ వదిలాను. తెల్ల అక్షరం అంటే అక్కడ సిరా పడదు, కాగితమే కనిపిస్తుంది. సిరాకొకటిగా ఉండే నాలుగు ముద్రణ ప్లేట్లు వెంట్రుకవాసి పక్కకు జరిగినా చాలు, ఆ ఖాళీలోకి ఏదో ఒక సిరా జొరబడుతుంది. ఆ రోజు అదే జరిగింది. అక్షరాల శరీరం కొంత నిలిచింది కానీ ఒత్తుల లోపలి సన్నని ఖాళీలు ఎర్రగా నిండిపోయాయి, 'స్వ' ఏదో 'స' ఏదో తేలలేదు. 1500 కవర్లు అప్పటికే అయిపోయాయి. అప్పటి నుంచి ముదురు నేపథ్యం మీద తెల్ల తెలుగు అక్షరాలు వేయాల్సి వస్తే 14 పాయింట్ల కంటే తగ్గించను, లావైన రకమే వాడతాను, సన్నని గీతలున్న ఫాంట్ జోలికి వెళ్లను. తెల్ల కాగితం మీద చిన్న నల్ల అక్షరాలకు నలుపు సిరా ఒక్కటే వాడతాను. ఒకే చోట పడే నాలుగు సిరాల శాతాలు కలిపితే 300 దాటకుండా చూసుకోండి, దాటితే ఆరడం ఆలస్యమై వెనుక కాగితానికి అంటుకుంటుంది.

మిగతా ముద్రణ వివరాలు త్వరగా చెబుతాను. 48 పేజీలకు సెంటర్ పిన్ (మధ్య మడత మీద పిన్ను కొట్టడం) సరిపోతుంది, పేజీల సంఖ్య నాలుగు చేత భాగించబడాలి, మీది భాగించబడుతోంది. వెన్ను (పేజీలు కలిసే వైపు కనిపించే పట్టీ) ఉండదు కాబట్టి వెన్ను మీద పేరు గురించి ఆలోచన అక్కరలేదు. ఎప్పుడైనా 120 పేజీల వార్షిక సంచిక చేస్తే అందులో 60 కాగితాలు ఉంటాయి, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములు అనే బరువు లెక్క) కాగితం మందం దాదాపు 0.1 మిల్లీమీటర్ కాబట్టి వెన్ను 6 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది, అప్పుడు పేరు వేయవచ్చు. ముఖ్యమైన అక్షరాలేవీ కటింగ్ అంచుకు 8 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా రానివ్వకండి. అట్టకు 250 జీఎస్‌ఎం ఆర్ట్ కాగితం, మ్యాట్ లామినేషన్ (మెరుపు లేని పల్చని ప్లాస్టిక్ పొర) చేతికి హాయిగా ఉంటాయి. ముదురు రంగు మీద మ్యాట్ వేస్తే గోటి గీతలు కనిపిస్తాయన్నది మాత్రం గుర్తుంచుకోండి.

పత్రిక పేరు రాసే తీరు గురించి మీరు అడగలేదు, కానీ విద్యార్థి పత్రికలకు ఇది ప్రాణంలాంటిది. వృత్తి పత్రికలలో ఒకే బృందం ఏళ్ల తరబడి ఉంటుంది. టైమ్ పత్రిక ఎర్రని అంచును 1927 నుంచి నిలబెట్టుకుంది, నేషనల్ జాగ్రఫిక్‌ను పేరు చదవకుండానే పసుపు అంచును చూసి గుర్తుపడతాము. విద్యార్థి పత్రికలో ఏడాదికో రెండేళ్లకో బృందం మారుతుంది, కొత్తగా వచ్చినవారు ఉత్సాహంతో మొదట మార్చేది పత్రిక పేరు అక్షరాలనే. ఐదేళ్ల సంచికలు బల్ల మీద పరిస్తే ఐదు వేర్వేరు పత్రికల్లా కనిపిస్తాయి. మీరు ఒక్క పేజీ పత్రం తయారుచేయండి. అందులో పేరు ఏ ఫాంట్, ఎంత వెడల్పు, పై అంచు నుంచి ఎంత దూరం, సంచిక సంఖ్య, నెల ఎక్కడ ఉండాలి, ఏవి ప్రతి సంచికకూ మారవచ్చు, ఏవి మారకూడదు అన్నది రాసి, పేరు బొమ్మను వెక్టర్ ఫైలుగా (ఎంత పెంచినా మసకబారని రూపంలో) దానితో జతచేసి తర్వాతి బృందానికి అందించండి. మీరు చేసిన కవర్ కంటే ఆ ఒక్క కాగితమే ఎక్కువ కాలం ఉపయోగపడుతుందని నేను నమ్ముతాను.

కవర్ సిద్ధమయ్యాక దాన్ని ఫోన్ తెర మీద బొటనవేలి గోరు అంతగా చేసి చూడండి. శీర్షిక చదవడానికి రాకపోతే చిన్న సవరణలతో సరిపోదు, అక్షరాలు పెంచి మాటలు తగ్గించాలి. ఫోన్‌లో పంచుకోవడానికి వేరే రూపం చేయండి, అచ్చు కవర్‌ను అలాగే పెడితే చదరపు గడిలో పైనా కిందా కత్తిరింపు పడి పత్రిక పేరు పోతుంది. 1080×1080 పిక్సెళ్ల చదరంలో బొమ్మ, ప్రధాన శీర్షిక, పేరు మాత్రం తిరిగి అమర్చితే చాలు. ఆ తర్వాత మీ బృందంలో లేని ఆరుగురు విద్యార్థులకు, ఒక్కొక్కరికి విడిగా, కవర్‌ను ఐదు సెకన్లు చూపించి తిప్పేయండి. 'ఎలా ఉంది?' అని అడగకండి, మర్యాద కోసం బాగుందనే అంటారు. 'లోపల ఏముంటుందనుకుంటున్నావు?' అని అడగండి. వారు చెప్పినది, మీరు మొదట రాసుకున్న వాక్యానికి దగ్గరగా ఉందో లేదో చూసుకోండి. ఆరుగురిలో నలుగురు వేరే సంగతి చెబితే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా నేనైతే మార్చేస్తాను.

ప్రెస్సు నుంచి రంగుల ప్రూఫ్ (అచ్చుకు ముందు తీసే నమూనా ప్రతి) కాగితం మీద తెప్పించుకోండి, తెర మీద చూసి ఒప్పుకోకండి. దాన్ని పగటి వెలుతురులో చూడండి. కవర్ మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ ఇంతవరకు చూడని ఒక వ్యక్తి చేత పైకి చదివించండి, ఎందుకంటే ఇరవైసార్లు చూసినవారి కళ్లు తప్పును సరిదిద్దుకుని చదివేస్తాయి. పోయినసారి ఫైలును తెరిచి దాని మీదే కొత్త కవర్ కట్టినప్పుడు పాత నెల, పాత సంచిక సంఖ్య అలాగే ఉండిపోతాయి. శీర్షికలో అక్షరదోషం కంటే ఈ తప్పే ఎక్కువసార్లు అచ్చైంది కాబట్టి, సంతకం పెట్టే ముందు వేలు పెట్టి చూడాల్సిన మొదటి చోటు అదే.